చెరువులో బ్యాక్టీరియాను పెంచుతున్నది నాచా, పోషకాలా? సీసాలతో తేల్చే పద్ధతి

నీరు పచ్చబడ్డ చోట బ్యాక్టీరియా లెక్క కూడా ఎక్కువగానే వస్తుంది. దాంతో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: బ్యాక్టీరియాను పెంచింది నాచా, లేక నాచును పెంచిన నత్రజని, భాస్వరాలే దాన్నీ పెంచాయా? గట్టు మీద నిలబడి ఎన్ని నమూనాలు ముంచినా దీనికి జవాబు రాదు. చెరువులో ఆ రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే పడిపోతాయి. ఆ జంటను విడగొట్టాలంటే నీటిని సీసాల్లో పోసి, ఒక్కో సీసాలో ఒక్కో సంగతి మాత్రమే మార్చి చూడాలి. 36 సీసాలు, ఐదు రోజులు పడుతుంది. మామూలు కాలేజీ ప్రయోగశాలలో అయ్యే పనే.

ఇక్కడ నాచు అంటే నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు. రాళ్లకు పట్టే పాచికి, నీటి మొక్కలకు ఈ పద్ధతి పనికిరాదు. సరస్సైనా చెరువైనా జలాశయమైనా చేసే తీరు మాత్రం ఒకటే.

ముందు కాస్త సిద్ధాంతం

నాచు వెలుతురులో తయారుచేసుకున్న సేంద్రియ పదార్థంలో కొంత నీటిలోకి కారిపోతుంది, చచ్చిన కణాల నుంచి ఇంకా ఎక్కువ వస్తుంది. బ్యాక్టీరియాకు అది తిండి. ఇది మొదటి బంధం. రెండోది పోటీ: ఇద్దరికీ భాస్వరం కావాలి. బ్యాక్టీరియా కణం చిన్నది కాబట్టి పరిమాణంతో పోలిస్తే దాని ఉపరితలం ఎక్కువ. భాస్వరం కరువైన నీటిలో ముందు లాక్కునేది అదే. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. నీటిలో 2 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫ్లాజెల్లేట్లు, అంటే తోకతో ఈదే ఏకకణ జీవులు ఉంటాయి, వాటి పనే బ్యాక్టీరియాను తినడం. అందువల్ల బ్యాక్టీరియా సంఖ్య పెరగలేదంటే పుట్టలేదని కాదు, పుట్టినవి పుట్టినట్టే తినేయబడి ఉండవచ్చు.

ఈ మూడు లాగుళ్లనూ విడివిడిగా చూడటానికి మూడు స్థితులు పెడతాం.

వెలుతురు సీసా: నాచు ఉంది, ఆహారం తయారుచేస్తోంది. తినేవీ ఉన్నాయి.
చీకటి సీసా: నాచు ఉంది కానీ ఆహారం తయారీ ఆగింది. తినేవి ఉన్నాయి.
వడపోత సీసా: నాచు లేదు, తినేవీ లేవు. ఇదీ చీకట్లోనే ఉంటుంది.

చాలా ప్రయోగాలు తప్పేది ఇక్కడే. వెలుతురు సీసాను నేరుగా వడపోత సీసాతో పోల్చి, "నాచు తీసేస్తే బ్యాక్టీరియా పెరిగింది, అంటే నాచు దాన్ని అణచిపెడుతోంది" అని రాసేస్తారు. తీసింది నాచునొక్కదాన్నే కాదు, బ్యాక్టీరియాను తినేవాటిని కూడా. మధ్యలో చీకటి సీసా లేకపోతే ఈ ముడి విప్పలేరు. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే పోషకాల రకాలు తగ్గించండి, చీకటి సీసాలను మాత్రం తీసేయకండి.

కావలసినవి

500 మి.లీ. సీసాలు 36. బోరోసిలికేట్ గాజు లేదా పాలీకార్బొనేట్ మేలు, పారదర్శకమైన కొత్త పెట్ సీసాలైనా నడుస్తాయి. 20 లీటర్ల నీరు పట్టే శుభ్రమైన క్యాన్. 200 మైక్రాన్ల వల గుడ్డ. 1.2 మైక్రాన్ల గాజు పీచు ఫిల్టర్లు (జి.ఎఫ్./సి రకం), వాక్యూమ్ పంపు, ఫిల్టర్ గరాటు. అల్యూమినియం రేకు. తెల్లని ఎల్‌ఈడీ దీపాలు, టైమర్. మైక్రోపిపెట్లు.

రసాయనాలు: పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, సోడియం నైట్రేట్, నీరులేని గ్లూకోజ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫార్మాలిన్, 90 శాతం అసిటోన్.

లెక్కకు: ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని, కణాల డీఎన్‌ఏకు అంటి నీలంగా మెరిసే డాపి రంగు, 0.2 మైక్రాన్ల నల్ల పాలీకార్బొనేట్ ఫిల్టర్లు. ఇవి లేకపోతే ఆర్2ఏ అగార్ ప్లేట్లు (తక్కువ తిండితో బ్యాక్టీరియాను మొలిపించే జెల్లీ పళ్లేలు). నాచు కొలవడానికి స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రవం ఎంత కాంతిని పీల్చిందో చెప్పే యంత్రం).

రసాయనాల బదులు పొలం ఎరువు వాడవచ్చా అని అడుగుతుంటారు. డీఏపీ వద్దు, అందులో నత్రజని, భాస్వరం రెండూ ఉంటాయి, తర్వాత విడదీయలేరు. యూరియాలో కర్బనం కూడా ఉంటుంది. పశువుల ఎరువైతే అసలే కుదరదు, తన బ్యాక్టీరియాను తానే వెంట తెస్తుంది.

చేసే విధానం

1. సీసాలు కడగండి. మామూలు డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉండే అవకాశం ఉంది. మీరు కలపబోయే భాస్వరం లీటరుకు 31 మైక్రోగ్రాములే కాబట్టి గోడకు అంటుకున్న డిటర్జెంట్ మరక ఒక్కటి చాలు, ప్రయోగం పాడవడానికి. ఫాస్ఫేట్ లేని సబ్బుతో కడిగి, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, స్వేదన జలంతో ఐదుసార్లు తొలవండి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఆమ్లం కాస్త మిగిలినా బ్యాక్టీరియా చచ్చిపోతుంది కనుక చివరి తొలుపు నీటి పీహెచ్ చూసుకోండి. క్యాన్‌కు, వల గుడ్డకు, గొట్టాలకు కూడా ఇదే స్నానం.

2. నిల్వ ద్రావణాలు చేసుకోండి.

భాస్వరం: 1.36 గ్రా. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను 100 మి.లీ. స్వేదన జలంలో కరిగించండి. అందులోంచి 10 మి.లీ. తీసి 1 లీటరుకు పలచన చేయండి. (నేరుగా 0.136 గ్రా. తూచవచ్చు గానీ మామూలు తక్కెడ మీద అంత చిన్న తూకంలో పొరపాటు ఎక్కువ.)

నత్రజని: 1.36 గ్రా. సోడియం నైట్రేట్, 1 లీటరు నీరు. రెండు తూకాలూ ఒకటే అంకె కావడం యాదృచ్ఛికం, సీసాల మీద చీటీలు మారకుండా చూసుకోండి.

గ్లూకోజ్: 3.0 గ్రా. నీరులేని గ్లూకోజ్, 1 లీటరు నీరు. మీ దగ్గర ఉన్నది మోనోహైడ్రేట్ అయితే 3.3 గ్రా.

లీటరు చెరువు నీటికి ఒక్కో ద్రావణం 1 మి.లీ. చొప్పున కలిపితే భాస్వరం 31 మైక్రోగ్రాములు, నత్రజని 224 మైక్రోగ్రాములు, కర్బనం 1.2 మిల్లీగ్రాములు పెరుగుతుంది. పరమాణువుల లెక్కలో కర్బనం, నత్రజని, భాస్వరాలు 100:16:1. నాచు సగటు కూర్పుగా చెప్పే రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి 106:16:1కి దగ్గర.

మూడింటినీ 0.2 మైక్రాన్ల సిరంజి ఫిల్టర్‌తో వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గ్లూకోజ్ ద్రావణం ప్రయోగానికి ముందు రోజే చేసుకోవాలి, పాతబడితే అందులోనే బ్యాక్టీరియా మొలుస్తుంది. కాస్త మబ్బుగా కనిపించినా పారబోయండి.

3. నీరు తెచ్చుకోండి. గట్టు పక్క నీరు వద్దు, కాళ్లతో కదిలిన బురద నుంచే భాస్వరం వస్తుంది. లోపలికి వెళ్లి, నీటి మట్టానికి అర మీటరు కింద క్యాన్ ముంచండి. పైన పచ్చటి మీగడ కట్టి ఉంటే పక్కకు నెట్టి కింది నీరే తీసుకోండి. క్యాన్‌ను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. ఆ చోటే ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ రాసుకోండి. సెక్కి పళ్లెం (నీటి తేటదనం చూడటానికి తాడుతో దించే బిళ్ల) ఉంటే అది కనుమరుగయ్యే లోతు కూడా.

ప్రయోగం నీటిని మంచులో పెట్టకండి. చల్లటి దెబ్బ తిన్న నాచు కణాలు పగిలి, లోపలిదంతా కక్కేస్తాయి. చెరువు ఉష్ణోగ్రతలోనే, వెలుతురు తగలకుండా తెచ్చి, 4 నుంచి 6 గంటల్లో మొదలుపెట్టండి. మంచు పెట్టాల్సింది పోషకాల పరీక్షకు విడిగా తీసిన చిన్న సీసాకు.

హెచ్చరిక: నీరు చిక్కటి పచ్చరంగులో, పెయింటు ఒలికినట్టుంటే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. దానిలోని విషాలు మరిగించినా పోవు. చేతితొడుగులు వేసుకోండి, తుంపరలు పీల్చకండి, జంతువులను దగ్గరకు రానివ్వకండి.

4. జల్లెడ, వడపోత. నీటినంతా 200 మైక్రాన్ల వల గుడ్డలోంచి పోయండి. పెద్ద జంతు ప్లవకాలు (నీటిలో తేలే చిన్న జంతువులు) అక్కడే ఆగుతాయి. ఒక్క సీసాలో నాలుగు పడి, పక్క సీసాలో ఏమీ పడకపోతే ఆ రెండింటికీ పోలిక ఉండదు.

ఇందులోంచి 5 లీటర్లు వడపోత సీసాల కోసం 1.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపండి. మొదట ప్రతి ఫిల్టర్ మీద 200 మి.లీ. స్వేదన జలం పోసి ఆ నీటిని పారబోయండి. వాక్యూమ్ 20 కిలోపాస్కల్స్ (150 మి.మీ. పాదరసం) దాటకూడదు. ఎక్కువ లాగితే నాచు కణాలు చితికి, వాటి రసం మీరు "నాచు లేదు" అనుకుంటున్న నీటిలో చేరుతుంది. ఫిల్టర్ మూసుకుపోయి నీరు దిగకపోతే కొత్తది మార్చండి, పంపు పెంచకండి. పచ్చటి నీరైతే పది పన్నెండు ఫిల్టర్లు పట్టవచ్చు, సగం పూట పోతుంది.

0.7 మైక్రాన్ల జి.ఎఫ్./ఎఫ్ ఫిల్టర్ వాడితే ఇంకా శుభ్రంగా వస్తుంది కదా అనిపిస్తుంది. వద్దు, అది బ్యాక్టీరియాలోనూ గణనీయమైన భాగాన్ని పట్టేస్తుంది. 1.2 మైక్రాన్లదైనా కొంత పడుతుంది, పైగా 1 మైక్రాను చుట్టూ ఉండే అతి చిన్న నీలి ఆకుపచ్చ నాచును వదిలేస్తుంది. వడపోత సీసాలను చీకట్లో పెట్టడానికి అదే కారణం.

5. సీసాలు నింపి, మోతాదు వేయండి. క్యాన్‌ను మెల్లగా తిప్పుతూ ఒక్కో సీసాలో 400 మి.లీ. పోయండి. పైన 100 మి.లీ. గాలి ఉండాలి. తిప్పకుండా పోస్తే మొదటి సీసాలో పలచన, చివరి సీసాలో చిక్కన.

ఒక్కో స్థితిలో 12 సీసాలు: నాలుగు రకాలు, ఒక్కోటి మూడేసి. రకాలకు ఈ పేర్లు పెట్టుకుంటే తికమక ఉండదు.

ఖాళీ: స్వేదన జలం 1.2 మి.లీ.
ఎరువు: నత్రజని 0.4, భాస్వరం 0.4, స్వేదన జలం 0.4 మి.లీ.
చక్కెర: గ్లూకోజ్ 0.4, స్వేదన జలం 0.8 మి.లీ.
రెండూ: నత్రజని 0.4, భాస్వరం 0.4, గ్లూకోజ్ 0.4 మి.లీ.

ప్రతి సీసాకూ మొత్తం 1.2 మి.లీ. పడాలి. ఖాళీ సీసాకు నీళ్లెందుకు అనుకోకండి. పిపెట్ మొన నుంచి, స్వేదన జలం నుంచి ఏదైనా అంటితే అది అన్నింటికీ సమానంగా అంటాలి.

నత్రజనినీ భాస్వరాన్నీ విడివిడిగా ఎందుకు పెట్టలేదంటే, మొదటి విడతలోనే అన్నీ పెడితే సీసాలు 54 అవుతాయి, రోజూ నమూనా తీసి లెక్కించడం ఒక్కరి వల్ల కాదు. ఎరువు సీసాలో ఏదైనా కదిలితే రెండో విడతలో ఖాళీ, నత్రజని, భాస్వరం, రెండు కలిపినది పెట్టి ఏది కదిపిందో చూడండి.

చెరువు ఇప్పటికే ఎరువు తిని ఉంటే 31 మైక్రోగ్రాముల భాస్వరం దానికి ఆనదు. లీటరులో మొత్తం భాస్వరం 100 మైక్రోగ్రాములు దాటిన నీటికి మూడు ద్రావణాలనూ ఐదు రెట్లు గాఢంగా చేసుకోండి. మోతాదు పరిమాణం మార్చకండి. అక్వేరియం కిట్‌తో భాస్వరం చూసి "సున్నా" అని రాయకండి, ఆ రంగు మారేసరికి చెరువు ఎప్పుడో పచ్చబడి ఉంటుంది. 880 నానోమీటర్ల దగ్గర చదివే మాలిబ్డినం నీలం పద్ధతి కావాలి.

6. వెలుతురు, వేడి. చీకటి, వడపోత సీసాలకు రేకు రెండు పొరలు చుట్టండి, మూతలకు కూడా. వెలుతురు సీసాలకు రోజుకు 12 గంటల దీపం, సీసా దగ్గర 3500 నుంచి 7000 లక్స్. ఎండలో పెడితే నీరు వేడెక్కి, నాచు మాడిపోతుంది. అన్ని సీసాలనూ ఒకే నీటి తొట్టెలో, చెరువు ఉష్ణోగ్రతకు 2 డిగ్రీలు అటూ ఇటుగా ఉంచండి. దీపం కింద ఉన్నవి వేడెక్కి చీకటివి చల్లగా ఉంటే మీరు కొలిచేది ఉష్ణోగ్రతనే. మూతలు వదులుగా ఉంచి, రోజుకు రెండుసార్లు మెల్లగా తలకిందులు చేసి, అలా చేసినప్పుడల్లా సీసాల స్థానాలు మార్చండి.

7. రోజూ నమూనా. 0, 24, 48, 72, 96 గంటలకు ఒక్కో సీసా నుంచి 10 మి.లీ. తీయండి. సమయం ముఖ్యం: బ్యాక్టీరియా 24 నుంచి 48 గంటల్లోనే స్పందిస్తుంది, నాచుకు మూడు నుంచి ఐదు రోజులు కావాలి. చివరి రోజే చూసేవారికి బ్యాక్టీరియా శిఖరం కనబడదు. అప్పటికి ఫ్లాజెల్లేట్లు విందు ముగించి ఉంటాయి. 96 గంటలు దాటించకండి, చీకటి సీసాల్లో నాచు చావడం మొదలై అదే ఎరువవుతుంది.

డాపి లెక్క కోసమైతే 10 మి.లీ. నమూనాకు 0.6 మి.లీ. ఫార్మాలిన్ (37 శాతం) వెంటనే కలపండి, సుమారు 2 శాతం అవుతుంది. గాలాడే చోట, చేతితొడుగులతో. ప్లేట్ల కోసమైతే ఫార్మాలిన్ కలపకూడదు, ఒక మి.లీ. ముందే విడిగా తీసుకోవాలి.

8. బ్యాక్టీరియా లెక్క.

డాపి దారి: 1 మి.లీ. నమూనాకు చివరి గాఢత మి.లీ.కు 5 మైక్రోగ్రాములు వచ్చేలా డాపి కలిపి, 10 నిమిషాలు చీకట్లో ఉంచండి. నల్ల ఫిల్టర్ మీద మెల్లగా వడకట్టి, గాజు పలక మీద నూనె చుక్కతో పెట్టి, అతినీలలోహిత కాంతిలో చూడండి. నీలంగా మెరిసే చుక్కలు లెక్కపెట్టాలి. అనుమానం వచ్చిన కణాన్ని నీలి లేదా ఆకుపచ్చ కాంతి ఫిల్టర్‌కు మార్చి చూడండి, ఎర్రగానో నారింజగానో మెరిస్తే అది నాచు. కంటికటకంలో కనిపించే గడుల్లో కనీసం 10 చూడాలి, మొత్తం 300 కణాలకు తగ్గకుండా.

లెక్క ఇలా: ఫిల్టర్ మీద నీరు దిగిన వృత్తం వ్యాసం 16 మి.మీ. అయితే వైశాల్యం 201 చదరపు మి.మీ. కంటికటకంలోని గడి 0.1 మి.మీ. చొప్పున చతురస్రమైతే 0.01 చదరపు మి.మీ. గడికి సగటున 50 కణాలుంటే 50 × 20,100 = సుమారు 10 లక్షలు, మి.లీ.కు. ఫార్మాలిన్ పలచన కోసం 1.06తో గుణించండి. మామూలు చెరువుల్లో లక్ష నుంచి కోటి దాకా వస్తుంది, 10 లక్షల చుట్టూ రావడం సర్వసాధారణం. వృత్తం వ్యాసాన్ని మీ గరాటుకు మీరే కొలవండి, 25 మి.మీ. ఫిల్టర్ అని 25 వేసుకుంటే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది.

ప్లేట్ల దారి: ఆర్2ఏ అగార్‌ను ప్యాకెట్ మీది కొలతతో కలిపి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు శుద్ధి చేయండి. నమూనాను 10, 100, 1000 రెట్లు పలచన చేసి, ఒక్కో పలచన నుంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరచండి. 25 డిగ్రీల దగ్గర 5 నుంచి 7 రోజులు. 30 నుంచి 300 కాలనీలు (చుక్కల్లా కనిపించే బ్యాక్టీరియా గుంపులు) ఉన్న ప్లేటే లెక్కకు. 100 రెట్ల పలచనలో 45 కాలనీలు వస్తే 45 ÷ 0.1 × 100 = 45,000, మి.లీ.కు. ఆర్2ఏ దొరకకపోతే న్యూట్రియంట్ బ్రాత్‌ను పదో వంతు బలంలో, 1.5 శాతం అగార్‌తో వాడండి. పూర్తి బలం న్యూట్రియంట్ అగార్ మీద చెరువు బ్యాక్టీరియా సరిగా లేవదు, అది వాటికి మితిమీరిన తిండి.

డాపిలో 10 లక్షలు, ప్లేటులో 10 వేలు రావడం చూసి కంగారుపడకండి. చెరువు బ్యాక్టీరియాలో ప్లేటు మీద మొలిచేది ఒక శాతం లోపే, అదీ త్వరగా తిని త్వరగా పెరిగే రకాలే. అందుకే ప్లేట్ల లెక్కలో చక్కెర ప్రభావం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. రెండు దారులను కలిపి ఒకే గ్రాఫ్‌లో పెట్టకండి.

9. నాచు కొలత. నాచును దానిలోని పచ్చ పదార్థమైన క్లోరోఫిల్‌తో కొలుస్తాం. మొదటి రోజు క్యాన్ నీటి నుంచి, చివరి రోజు ప్రతి సీసా నుంచి 200 మి.లీ. గాజు పీచు ఫిల్టర్ మీద వడకట్టండి. ఫిల్టర్‌ను మడిచి 10 మి.లీ. 90 శాతం అసిటోన్‌లో వేసి, నలిపి, ఫ్రిజ్‌లో చీకట్లో 18 నుంచి 24 గంటలు. సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట ద్రవాన్ని 664, 647, 630, 750 నానోమీటర్ల దగ్గర చదవండి. మొదటి మూడింటి నుంచీ 750 విలువ తీసివేసి:

క్లోరోఫిల్ ఏ = (11.85 × 664 విలువ) − (1.54 × 647 విలువ) − (0.08 × 630 విలువ)

దీన్ని అసిటోన్ మి.లీ.తో గుణించి, వడకట్టిన లీటర్లతో భాగించండి. ఉదాహరణకు 0.095, 0.030, 0.020 వస్తే 1.078. దాన్ని 10తో గుణించి 0.2తో భాగిస్తే లీటరుకు సుమారు 54 మైక్రోగ్రాములు. ఇది 1 సెం.మీ. క్యువెట్ (యంత్రంలో ద్రవం పోసి పెట్టే చిన్న పాత్ర) లెక్క. క్యువెట్ గాజుదే కావాలి, మామూలు ప్లాస్టిక్‌ది అసిటోన్‌లో కరిగి మసకబారుతుంది.

స్పెక్ట్రోఫోటోమీటర్ లేకపోతే 100 మి.లీ.కు 1 మి.లీ. లూగోల్ అయోడిన్ కలిపి (పలచటి టీ రంగు రావాలి) నాచు కణాలను సూక్ష్మదర్శినితో లెక్కించవచ్చు.

10. వృద్ధి రేటు. సంఖ్యలను నేరుగా పోల్చకండి, సహజ లాగరిథం తీయండి. రెండు సంఖ్యల నిష్పత్తి లాగరిథాన్ని రోజులతో భాగిస్తే రోజువారీ రేటు. 48 గంటల్లో 10 లక్షలు 40 లక్షలైతే 1.386 ÷ 2 = 0.69, అంటే రోజుకు ఒక రెట్టింపు. బ్యాక్టీరియాకు 0 నుంచి 48 గంటల రేటే వాడండి. ఒకే రకం మూడు సీసాల విలువలు ఖాళీ సీసాల విలువలతో ఒకదాని మీద ఒకటి పడుతుంటే తేడా ఉందని చెప్పకండి.

వచ్చినదాన్ని ఎలా చదవాలి

మొదట వడపోత సీసాలు చూడండి, అక్కడ నాచూ లేదు, తినేవీ లేవు. చక్కెర పడ్డ చోట పెరిగి ఎరువు పడ్డ చోట పెరగకపోతే బ్యాక్టీరియాకు కొరత కర్బనం. ఎరువుకే పెరిగితే కొరత నత్రజని లేదా భాస్వరం. ఎరువు సీసా, చక్కెర సీసా కదలక, "రెండూ" సీసా ఒక్కటే ఎగబాకితే రెండు కొరతలూ ఒకేసారి ఉన్నాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎరువు సీసా చీకట్లో కదలలేదు, వెలుతురులో మాత్రం క్లోరోఫిల్ పెరిగి, దాని వెనుక బ్యాక్టీరియా కూడా పెరిగింది. అంటే పోషకాలు బ్యాక్టీరియాను నేరుగా పెంచలేదు, నాచు ద్వారా పెంచాయి. ఇక్కడ వరుస కూడా సాక్ష్యమే, రోజువారీ లెక్కలో బ్యాక్టీరియా వెనకబడి రావాలి. అదే ఎరువు సీసాలో చీకట్లోనూ 24 గంటల్లోనే పెరిగితే నాచుతో పనిలేదు, పోషకం నేరుగా అందింది.

చక్కెర సీసా వెలుతురులో బ్యాక్టీరియా పెరిగి, క్లోరోఫిల్ ఖాళీ సీసాకన్నా తగ్గిందా? అది పోటీ. తిండి దొరికిన బ్యాక్టీరియా నీటిలోని భాస్వరమంతా లాగేసి నాచును పస్తు పెట్టింది. "రెండూ" సీసాలో ఆ తగ్గుదల మాయమైతే అనుమానం తీరినట్టే. చక్కెర కలిపితే నాచు తగ్గడం చాలామంది పొరపాటనుకుని కొట్టేస్తారు. ఈ ప్రయోగంలో దొరికే అతి విలువైన ఫలితం అదే.

చీకటి ఖాళీ సీసాలో తక్కువ, వడపోత ఖాళీ సీసాలో ఎక్కువ పెరిగితే ఆ తేడా తినేవాటిది. నాచు ప్రభావం కావాలంటే వెలుతురును చీకటితోనే పోల్చాలి. వడపోత ఖాళీ సీసాలో కొంత పెరుగుదల ఎప్పుడూ ఉంటుంది, వడకట్టేటప్పుడు చితికిన కణాల రసం వల్ల. చీకటిదానికన్నా ఐదారు రెట్లు దాటితే మాత్రం మీ వాక్యూమ్‌ను అనుమానించండి.

పోషకం ఎంత కదపగలదో పెద్ద ఎత్తున చూపినది కెనడాలోని ఒంటారియో ప్రయోగాత్మక సరస్సుల ప్రాంతంలో 226వ నంబరు సరస్సు. 1973లో దాన్ని నడుమ తెర కట్టి రెండు ముక్కలు చేసి, ఒకవైపు కర్బనం, నత్రజని, రెండోవైపు వాటికి తోడు భాస్వరం వేశారు. భాస్వరం పడిన వైపు పచ్చబడింది. అది మొత్తం సరస్సు, నెలల వ్యవధి. మీ సీసా నాలుగు రోజుల కథ మాత్రమే చెబుతుంది, అడుగు బురద నుంచి తిరిగి పైకొచ్చే భాస్వరం దానికి తెలియదు. సీసా ఫలితం చూపించి చెరువుకు ఏ మందు వేయాలో చెప్పేయకండి.

తరచూ జరిగే తప్పులు

సీసా మబ్బుగా మారిందా అని కంటితోనో, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 600 నానోమీటర్ల దగ్గరో చూసి బ్యాక్టీరియాను కొలవడం. మి.లీ.కు 10 లక్షల కణాలు ఆ రీడింగ్‌లో ఆనవు, నాచే దాన్ని నింపేస్తుంది.

కోలిఫామ్ కిట్ వాడటం. అది మురుగు కలిసిందా లేదా చెబుతుంది. చెరువులో పుట్టి పెరిగే బ్యాక్టీరియా గురించి ఏమీ చెప్పదు.

ఒక సీసాలో పెట్టిన పిపెట్ మొననే మార్చకుండా ఇంకో సీసాలో పెట్టడం. గ్లూకోజ్ అంటిన మొన ఖాళీ సీసాలోకి వెళ్తే రెండో రోజుకే ఖాళీ, చక్కెర రెండూ ఒకలా ఉంటాయి. ఎప్పుడూ ఖాళీ నుంచి మొదలుపెట్టి "రెండూ"తో ముగించండి.

ఖాళీ సీసాలన్నీ కూడా మొదటి రోజే నాలుగైదు రెట్లు పెరగడం. కారణాలు మూడే: సీసా సరిగా కడగలేదు, నీరు దారిలో వేడెక్కింది, లేదా మొదలుపెట్టడం ఆలస్యమైంది. ఆ విడతను వదిలేయడమే మంచిది.

సరిచూసుకోవడం

0 గంట లెక్క వెలుతురు, చీకటి సీసాలన్నింట్లో 20 శాతం లోపు తేడాతో రావాలి. అంతకు మించితే నింపేటప్పుడు క్యాన్ తిప్పలేదు. 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టిన నీటికి ఫార్మాలిన్, డాపి కలిపి ఒక ఖాళీ పలక చూడండి, నమూనాలో పదో వంతుకు మించి చుక్కలుంటే రంగు ద్రావణమే కలుషితం. పలచన నీటితో పరచిన ఒక ప్లేటు మీద ఏమీ మొలవకూడదు.

చివరగా అంకెల పొంతన. బర్డ్, కాల్ఫ్ అనే శాస్త్రవేత్తలు 1984లో అనేక సరస్సుల, సముద్ర జలాల లెక్కలు చూసి క్లోరోఫిల్‌కు, బ్యాక్టీరియా సంఖ్యకు ఒక సూత్రం కట్టారు: మి.లీ.లో బ్యాక్టీరియా 10 ఆధార లాగరిథం = 5.867 + 0.776 × క్లోరోఫిల్ లాగరిథం. దాని ప్రకారం లీటరులో క్లోరోఫిల్ 1 మైక్రోగ్రాము ఉంటే సుమారు 7 లక్షలు, 10 ఉంటే 44 లక్షలు, 100 ఉంటే 2.6 కోట్లు. మొదటి రోజు మీ డాపి లెక్కను దీనితో పోల్చండి. రెండు మూడు రెట్లు తేడా మామూలే. ఇరవై రెట్లుంటే గడి వైశాల్యమో ఫిల్టర్ వ్యాసమో మళ్లీ కొలవండి. క్లోరోఫిల్ పది రెట్లు పెరిగినా బ్యాక్టీరియా ఆరు రెట్లే పెరుగుతుందని కూడా ఆ అంకెల్లోనే గమనించండి. మీ ఎరువు సీసాలో రెండూ సమానంగా పెరగలేదని తప్పు వెతక్కండి.

పారబోయడం

మొలిచిన ప్లేట్ల మూత తెరవకండి, మీదేం మొలిచిందో తెలియదు. 121 డిగ్రీల దగ్గర అరగంట పెట్టి, లేదా 10 శాతం బ్లీచ్‌లో అరగంట నానబెట్టి పడేయండి. బ్లీచ్‌ను ఫార్మాలిన్, అసిటోన్, ఆమ్లాలతో కలపకండి. ఫార్మాలిన్, అసిటోన్ వ్యర్థాలు విడివిడి డబ్బాల్లో రసాయన వ్యర్థాలుగా వెళ్లాలి. ఎరువు, చక్కెర కలిపిన సీసాల నీటిని తెచ్చిన చెరువులో పోయకండి, బ్లీచ్ వేసి అరగంట ఉంచి సింకులో వదలండి.